ఒక ఊరు, ఒక ఇంటిపేరు పట్టుకుని వెతకండి: యూదుల పాత రికార్డులు మన దగ్గర్నుంచే చదవడం ఎలా

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఎంఏ హిస్టరీ చదివే పిల్లలు, నెట్ పరీక్షకి ప్రిపేరయ్యేవాళ్లు, కొంతమంది హైస్కూలు టీచర్లు తరచూ ఒకటే అడుగుతుంటారు. నాజీలు యూదుల మీద చేసిన మారణకాండ (హోలోకాస్ట్) గురించి సొంతంగా ఏదైనా చేయాలని ఉంది సార్, కానీ జర్మనీకో పోలండ్‌కో పోయే స్తోమత లేదు, ఉన్న పుస్తకాల్లోంచి 60 లక్షల మంది అని ఎత్తి రాయడం తప్ప మావల్ల ఏమవుతుంది అని. చాలా అవుతుంది. పుట్టుక రిజిస్టర్లు, రైలెక్కించినవాళ్ల జాబితాలు, క్యాంపు ఖైదీల కార్డులు, బతికి బయటపడ్డవాళ్ల వాంగ్మూలాలు, ఇలా ఆ కాలం నాటి అసలు కాగితాలు లక్షల్లో స్కాన్ అయి నెట్‌లో ఉన్నాయి. చాలావరకు ఉచితం. మాగుంట లేఅవుట్‌లో కూర్చున్నా కనిగిరిలో కూర్చున్నా తెరుచుకుంటాయి. కావాల్సింది ఓపిక, ఒక నోట్‌బుక్కు, వీలైతే పెద్ద స్క్రీను. పాత చేతిరాతని ఫోన్‌లో చదవాలంటే కళ్లు పోతాయి.

ఒక్క మాట ముందే చెప్తా, మిగతాదంతా దీనిమీదే నడుస్తుంది. ఏ కాగితం కనపడ్డా దీన్ని ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని అడగండి. యుద్ధానికి ముందువి ఆ సమాజం తన కోసం రాసుకున్నవి, లేదా అప్పటి ప్రభుత్వం జననమరణాల లెక్కకి, పన్నులకి రాసినవి. హింస జరిగిన ఏళ్లవి ఎక్కువభాగం చంపినవాళ్లు తమ పని సాఫీగా జరగడానికి రాసుకున్నవి. ఆ తర్వాతవి మిగిలినవాళ్లు తమవాళ్లని వెతుక్కుంటూ రాసినవి. ఒకే మనిషి మూడు చోట్లా కనపడొచ్చు. మొదటి దాంట్లో ఫలానావాళ్ల కూతురు, రెండో దాంట్లో ఒక నంబరు, మూడో దాంట్లో "మా అక్క, ఆచూకీ తెలియదు". ఈ మూడూ పక్కపక్కన పెట్టి చదవడమే మనం చేయబోయే పని.

ముందు ఊరు

"హోలోకాస్ట్" అని టైపు చేసి మొదలుపెట్టారంటే మునిగిపోతారు. ఒక ఊరు ఎంచుకోండి. నేను ఎక్కువగా చెప్పేది బుచాచ్. ఇప్పుడు పశ్చిమ ఉక్రెయిన్‌లో తెర్నోపిల్ ప్రాంతంలో ఉన్న చిన్న పట్టణం, ఒకప్పుడు ఊళ్లో దాదాపు సగం మంది యూదులు. 1966లో సాహిత్యానికి నోబెల్ అందుకున్న అగ్నోన్, యుద్ధం తర్వాత నాజీ నేరస్థుల ఆచూకీ తీయడానికే జీవితం పెట్టిన సైమన్ వీసెంతాల్, వార్సాలో యూదుల్ని బంధించి ఉంచిన పేటలో, అంటే ఘెట్టోలో, రహస్య ఆర్కైవ్ నడిపిన ఇమాన్యుయేల్ రింగెల్‌బ్లూమ్, ముగ్గురిదీ ఈ ఊరే. పెద్ద పేర్లున్నాయని కాదు నేను దీన్ని చెప్పేది. ఈ ఊరు ఎన్ని చేతులు మారిందో చూడండి: మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేదాకా ఆస్ట్రియా-హంగరీ కింద గలీషియా అనే ప్రాంతం, రెండు యుద్ధాల మధ్య పోలండ్, 1939 సెప్టెంబరులో సోవియట్లు, 1941 జులైలో జర్మన్లు, 1944లో మళ్లీ సోవియట్లు, 1991 నుంచి ఉక్రెయిన్.

మనకి ఇది అర్థం కావడం కష్టమేం కాదు. కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లా, ఆ తర్వాత ప్రకాశం, 2022లో మళ్లీ నెల్లూరు. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల కాగితం కావాలంటే ఎగ్మోర్ ఆర్కైవ్స్ దాకా పోవాల్సి రావచ్చు. ఊరు కదల్లేదు, ఫైళ్లు కదిలాయి. బుచాచ్‌దీ అదే సంగతి, కాకపోతే జిల్లాలకి బదులు దేశాలు. పాత యూదు జననమరణ రిజిస్టర్లలో చాలా భాగం వార్సాలోని పాత పత్రాల ప్రధాన ఆర్కైవ్‌లో ఉంది, దాన్ని ఆగాడ్ అంటారు, 300 నంబరు సంగ్రహం. మరికొన్ని కాగితాలు ల్వీవ్‌లో, తెర్నోపిల్‌లో. సాక్ష్యాలేమో జెరూసలేంలో, వాషింగ్టన్‌లో, జర్మనీలో.

ఏది ఎక్కడుందో మీ అంతట మీరు కనిపెట్టాల్సిన పన్లేదు. జ్యూయిష్‌జెన్ అనే సైట్‌లో ఊరి పేరు కొడితే ఆ ఊరికి ఏయే భాషల్లో ఏ పేరుందో, 1900, 1930, 1950 ప్రాంతాల్లో, ఇప్పుడు అది ఏ దేశంలో ఏ జిల్లాలో ఉందో ఒక పట్టిక వస్తుంది. దాన్ని నోట్‌బుక్కు మొదటి పేజీలో ఎత్తి రాసుకోండి. ల్వీవ్, ల్వుఫ్, లెంబెర్గ్ ఒకే ఊరు. విల్నా, విల్నో, విల్నియస్ ఒకే ఊరు. వుచ్ నగరాన్ని జర్మన్లు 1940లో లిట్స్‌మన్‌స్టాట్ అని మార్చేశారు, ఆ నాలుగేళ్ల కాగితాల మీద ఆ పేరే ఉంటుంది. పట్టిక రాసుకోకుండా వెతికేవాళ్లు "ఏమీ దొరకలేదు సార్" అని రెండో రోజుకే వదిలేస్తారు, నాకు బాధనిపించేది అదే.

పేరుని చెవితో పట్టుకోవాలి

ఒకే ఇంటిపేరుని పోలిష్ గుమాస్తా ఒకలా, జర్మన్ గుమాస్తా ఒకలా, రష్యన్ గుమాస్తా ఇంకోలా రాశాడు. పోలిష్‌లో "చ" శబ్దానికి సీ, జెడ్ అని రెండక్షరాలు పక్కపక్కన రాస్తారు. జర్మన్‌లో అదే శబ్దానికి టీ ఎస్ సీ హెచ్ అని నాలుగు. "ష"కి పోలిష్‌లో ఎస్ జెడ్, జర్మన్‌లో ఎస్ సీ హెచ్. డబ్ల్యూ అక్షరం ఈ రెండు భాషల్లోనూ "వ" అనే పలుకుతుంది. రష్యన్‌లో "హ" లేదు కాబట్టి హిర్ష్ అనే ఆయన అక్కడ గిర్ష్ అయిపోతాడు. నేను పిల్లలకి చెప్పే పద్ధతి ఏంటంటే, పేరుని ముందు తెలుగులో, పలికినట్టే రాసుకోండి, ఆ తర్వాత దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాయొచ్చో కిందికి పేర్చుకుంటూ పోండి. ఆ జాబితాలో ఒక్కొక్కటీ వేసి చూడండి. చాలా సైట్లలో శబ్దాన్ని బట్టి వెతికే ఆప్షన్ ఉంటుంది. 1985లో డైచ్, మోకొటోఫ్ అనే ఇద్దరు తూర్పు యూరప్ యూదుల పేర్ల కోసమే ఒక సౌండెక్స్, అంటే ఒకేలా వినిపించే పేర్లని కలిపి చూపించే కోడు, తయారుచేశారు, జ్యూయిష్‌జెన్‌లో అది పనిచేస్తుంది. "ఎగ్జాక్ట్" అనే టిక్కు మాత్రం మొదట్లోనే పెట్టకండి.

పేర్ల గురించి ఇంకో రెండు. ఒకే మనిషికి హీబ్రూ పేరు, యిద్దిష్ (తూర్పు యూరప్ యూదులు ఇంట్లో మాట్లాడే భాష) పేరు కలిపి ఉంటాయి, జ్వీ హిర్ష్, ఆర్యే లైబ్ లాగా. ఒక రికార్డులో మొదటిది, ఇంకో దాంట్లో రెండోది మాత్రమే ఉండొచ్చు. అలాగే తూర్పు యూరప్ యూదులు పిల్లలకి సాధారణంగా చనిపోయిన పెద్దల పేర్లే పెడతారు, బతికున్నవాళ్ల పేరు పెట్టరు. అంటే 1895లో పుట్టిన పిల్లాడికి తాత పేరుంటే, ఆ తాత అప్పటికే పోయి ఉంటాడని మరణాల రిజిస్టరులో వెతకడానికి ఒక ఆధారం దొరికినట్టే.

యుద్ధానికి ముందు

గలీషియా పుట్టుక రిజిస్టరు పేజీ ఒకటి తెరిచి తీరిగ్గా చూడండి. అడ్డంగా గడులు: వరస నంబరు, పుట్టిన తేదీ, పేరు పెట్టిన తేదీ, ఇంటి నంబరు, ఆడా మగా, సక్రమ సంతానమా కాదా, తండ్రి, తల్లి, సాక్షులు, మంత్రసాని. ఇందులో "సక్రమ సంతానం" గడి దగ్గర చాలామంది పొరబడతారు. అక్కడ కుప్పలుతెప్పలుగా పిల్లల్ని అక్రమ సంతానం అని రాసి ఉంటుంది. ఆ తల్లిదండ్రులు పెళ్లిచేసుకోలేదని కాదు. మత ప్రకారం పెళ్లి చేసుకున్నారు, కానీ ప్రభుత్వ రిజిస్ట్రేషను చేయించుకోలేదు, అందుకని ఆస్ట్రియా ప్రభుత్వం ఆ పెళ్లిని ఒప్పుకోలేదు. పిల్లలకి తల్లి ఇంటిపేరు పడింది. ఎన్నో ఏళ్ల తర్వాత, ఒక్కోసారి పిల్లలు పెద్దయ్యాక, ఆ జంట రిజిస్టరు పెళ్లి చేసుకున్నట్టు పక్క మార్జిన్‌లో ఒక నోటు కనపడుతుంది. కాబట్టి అన్నదమ్ములిద్దరికి రెండు ఇంటిపేర్లుంటే కంగారు పడకండి, తల్లి పేరు, ఇంటి నంబరు కలుస్తున్నాయా చూడండి. ఇంటి నంబరుని మించిన ఆధారం లేదు.

రష్యా కింద ఉన్న పోలండ్ ప్రాంతాల్లో 1868 దాకా రిజిస్టర్లు పోలిష్‌లో, ఆ తర్వాత రష్యన్‌లో. తేదీలు రెండేసి ఉంటాయి, పాత క్యాలెండరుకీ కొత్తదానికీ 19వ శతాబ్దంలో 12 రోజులు, 20వ శతాబ్దంలో 13 రోజులు తేడా. ఏ క్యాలెండరు తేదీ రాసుకున్నారో పక్కన గుర్తు పెట్టుకోండి. జేఆర్ఐ-పోలండ్, గలీషియాకైతే గెషర్ గలీషియా, ఈ రెండు సంస్థల వాలంటీర్లు ఈ పేజీలకి ఇండెక్సులు చేసి పెట్టారు. ఇండెక్సులో పేరు దొరికితే అక్కడితో ఆగకండి, అసలు పేజీ బొమ్మ చూడండి. మంత్రసాని, సాక్షులు, మార్జిన్ రాతలు ఇండెక్సులోకి సాధారణంగా ఎక్కవు.

రిజిస్టర్లు కాకుండా సమాజం తన కోసం రాసుకున్న పుస్తకాలు వేరే ఉన్నాయి, వాటిని పింకాస్ అంటారు. ఎవరు చందా ఇచ్చారు, ఎవరి మధ్య తగువు తీర్చారు, అనాథ పిల్లలకి ఏం చేశారు, ఇలాంటివన్నీ. ఇజ్రాయెల్ జాతీయ గ్రంథాలయం వీటిని చాలావరకు డిజిటైజ్ చేసింది. హీబ్రూ రానివాళ్లకి కష్టమే, అయినా ఒకసారి తెరిచి చూడండి. 1929 నాటి పోలండ్ వ్యాపార డైరెక్టరీ మాత్రం ఎవరైనా వాడొచ్చు. ఊరి పేరు కింద వృత్తులవారీగా పేర్లుంటాయి, దర్జీలు, రొట్టెల బట్టీలు, గుడ్డల కొట్లు, డాక్టర్లు. ఒక పూట కూర్చుని ఆ పేజీ మొత్తం నోట్‌బుక్కులోకి దించండి. బజారు ఎలా ఉండేదో తెలియకుండా ఆ బజారు ఏమైందో రాయలేం.

జర్మనీ యూదులు 1905లోనే బెర్లిన్‌లో తమ సమాజాల కాగితాలన్నీ ఒకచోట చేర్చి ఆర్కైవ్ పెట్టుకున్నారు. తమ చరిత్ర భద్రంగా ఉండాలని. నాజీలు వచ్చాక ఎవరి తాతముత్తాతలు యూదులో తేల్చడానికి సమాజాల రిజిస్టర్లనే వాడుకున్నారు. ఎవరు రాశారు అనే ప్రశ్నతో పాటు తర్వాత ఎవరి చేతిలో పడింది అని కూడా అడగమనేది అందుకే.

చంపినవాళ్లు రాసిన కాగితాలు

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి, మనసుకీ, బుర్రకీ.

ఒంగోలు, నెల్లూరు వైపు అమెరికన్ బాప్టిస్టు మిషన్ రోజుల నుంచీ ఇజ్రాయేలు, సారమ్మ అనే పేర్లు ఇంటింటా వింటున్నవే, అందుకే మన పిల్లలు జర్మన్ జాబితాల్లో ఇజ్రాయేల్, సారా అని కనపడగానే అది సొంత పేరే అనుకుంటారు. కాదు. 1938 ఆగస్టులో ఒక ఉత్తర్వు వచ్చింది, 1939 జనవరి 1 నుంచి అమలు. ప్రభుత్వ జాబితాలోని యూదు పేరు లేనివాళ్లందరూ మగవాళ్లయితే ఇజ్రాయేల్, ఆడవాళ్లయితే సారా అని అదనంగా తగిలించుకోవాలి. 1938 అక్టోబరులో యూదుల పాస్‌పోర్టుల మీద, యూదు అని తెలిసేలా, జె అక్షరం ముద్ర మొదలైంది. కాబట్టి వెతికేటప్పుడు ఆ రెండు పేర్లు తీసేసి వెతకండి. మీరు రాసేటప్పుడు కూడా ఆమెని ఆమె తల్లిదండ్రులు పెట్టిన పేరుతోనే రాయండి.

1939 మే 17న జర్మనీలో జనాభా లెక్కలు తీశారు. దాంతోపాటు ఇంకో కార్డు ఇచ్చారు, తాతలు నానమ్మలు అమ్మమ్మలు నలుగురిలో ఎవరు యూదులో రాయమని. ఆ కార్డుల ఆధారంగా ఇప్పుడు ఎవరు ఏ వీధిలో ఉండేవాళ్లో మ్యాపు మీద చూడొచ్చు. చనిపోయినవాళ్ల కోసం జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్స్ స్మారక గ్రంథం ఆన్‌లైన్‌లో ఉంది: పేరు, పుట్టిన ఊరు, ఏ తేదీన ఎక్కడికి పంపారు.

బెర్లిన్ మీద పనిచేస్తే పోట్స్‌డామ్‌లోని బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్ర ఆర్కైవ్ తప్పక చూడండి. రైలెక్కించే ముందు ప్రతి కుటుంబం చేతా 16 పేజీల ఆస్తి ఫారం నింపించారు. 1941 నవంబరు 25న వచ్చిన ఉత్తర్వు ప్రకారం దేశం సరిహద్దు దాటిన యూదుడి ఆస్తి ప్రభుత్వానిది. వాళ్లని దాటించేది ప్రభుత్వమే. ఫారంలో గదులెన్ని, అద్దె ఎంత, బ్యాంకులో ఎంత అని మొదలై, కుర్చీలెన్ని, దిండ్లెన్ని, తువ్వాళ్లెన్ని, చొక్కాలెన్ని దాకా పోతుంది. వాళ్లు తమ చేత్తో నింపారు. కింద సంతకం. ఫైలులో ఆ వెనక, సామాను వేలంలో ఎంతకి పోయిందో లెక్క కూడా ఉంటుంది. ఒక్క ఫైలు మొదటి నుంచి చివరిదాకా చదవండి, పది ఫైళ్లు పైపైన చూడటం కంటే అది మేలు.

జర్మనీ ఊరు బాద్ ఆరోల్‌జెన్‌లో ఉన్నది ఆరోల్‌జెన్ ఆర్కైవ్స్. పాత పేరు అంతర్జాతీయ ట్రేసింగ్ సర్వీస్, 2019లో పేరు మారింది. దాదాపు 3 కోట్ల పత్రాలు, 1 కోటి 75 లక్షల మంది గురించి. యూదులే కాదు, రోమా (జిప్సీ) జనం, రాజకీయ ఖైదీలు, బలవంతపు కూలీలు కూడా. చాలా భాగం ఆన్‌లైన్‌లో చూడొచ్చు. పేరు, పుట్టిన తేదీ, ఖైదీ నంబరు, దేనితోనైనా వెతకండి. బూకెన్‌వాల్డ్ లాంటి క్యాంపు ఖైదీ కార్డు తెరిస్తే పేరు, పుట్టిన ఊరు, వృత్తి, మతం, దగ్గరి బంధువు, ఎవరు పంపారు, ఏ రోజు చేర్చుకున్నారు, ఆ కింద పొడవు, ముక్కు, నోరు, పళ్లు, జుట్టు, మాట్లాడే భాషలు. మతం గడి కన్నా బంధువు గడి ముందు చూడండి. భార్య పేరు, చిరునామా ఉంటే ఇంకో మనిషి దారి దొరుకుతుంది. ఏ కార్డులో ఏ ముద్రకి అర్థమేంటో చెప్పే ఈ-గైడు కూడా అక్కడే ఉంది, జర్మన్, ఇంగ్లీషు రెండింట్లో.

మాటల దగ్గర మోసపోవద్దు. జర్మన్ కాగితాల్లో చంపాం అని అరుదుగా ఉంటుంది. "తరలించాం", "తూర్పుకి పంపాం", "తెలియని చోటికి వెళ్లిపోయారు", "ప్రత్యేక చర్య" అని ఉంటుంది. ఇలాంటివి వచ్చినప్పుడు మీ వ్యాసంలో వాటిని కోట్స్‌లో పెట్టి, పక్కనే నిజంగా జరిగింది రాయండి. మరణ తేదీ 8 మే 1945 అని ఉంటే అది యుద్ధం తర్వాత కోర్టు ప్రకటించిన తేదీ కావచ్చు, ఆ మనిషి ఆ రోజున చనిపోయినట్టు కాదు.

అదే ఏళ్లలో బాధితులు రాసినవీ ఉన్నాయి, అవి లేకపోతే మనం హంతకుడి కళ్లతోనే చూస్తూ ఉండిపోతాం. బుచాచ్‌లో 1900లో పుట్టిన రింగెల్‌బ్లూమ్ వార్సా ఘెట్టోలో ఓనెగ్ షబ్బత్ అనే రహస్య బృందాన్ని నడిపాడు. డైరీలు, సర్వేలు, రేషన్ కార్డులు, ట్రామ్ టికెట్లు, చాక్లెట్ కాగితాలు, పోస్టర్లు, పిల్లల స్కూలు వ్యాసాలు, ఏదీ వదలకుండా కూడబెట్టారు. 1942 ఆగస్టు మొదట్లో, ఘెట్టో నుంచి రోజూ వేలమందిని ట్రెబ్లింకా హత్యా క్యాంపుకి పంపుతున్నప్పుడు, మొదటి భాగాన్ని రేకు పెట్టెల్లో నోవొలిప్కీ వీధిలోని 68వ నంబరు భవనం కింద పాతిపెట్టారు. పాతిపెట్టినవాళ్లలో ఒకడికి 19 ఏళ్లు. లోకానికి అరిచి చెప్పలేకపోయింది నేలలో దాస్తున్నాం అని కాగితం రాసి అందులోనే పెట్టాడు. 1946 సెప్టెంబరులో ఆ 10 పెట్టెలు దొరికాయి, 1950 డిసెంబరులో రెండు పాల క్యాన్లు దొరికాయి. మూడో భాగం ఇంతవరకు దొరకలేదు. రింగెల్‌బ్లూమ్‌ని 1944 మార్చిలో చంపేశారు. దాదాపు 35,000 పేజీలు వార్సాలోని యూదు చరిత్ర సంస్థ దగ్గరున్నాయి, డిజిటల్ ప్రతులు నెట్‌లో చూడొచ్చు.

పేరు లేకపోతే

చాలామంది ఇక్కడే ఆగిపోతారు, కాబట్టి కాస్త ఎక్కువ చెప్తా. బుచాచ్ నుంచి 1942 అక్టోబరు, నవంబరుల్లో వేలమందిని బెల్జెత్స్ హత్యా క్యాంపుకి రైళ్లలో పంపారు. మిగిలినవాళ్లని ఊరి పక్క ఫెదోర్ కొండ మీద, ఆ చుట్టుపక్కల కాల్చి చంపారు. బెల్జెత్స్, సోబిబోర్, ట్రెబ్లింకా చేరినవాళ్లకి ఖైదీ కార్డులు రాయలేదు, దిగిన కొద్ది గంటల్లోనే చంపేశారు కాబట్టి. ఆష్‌విట్జ్‌లో కూడా దిగిన వెంటనే గ్యాస్ గదులకి పంపినవాళ్ల పేరు రిజిస్టరుకి ఎక్కలేదు. అందుకని ఆరోల్‌జెన్‌లో పేరు లేదంటే బతికిపోయారనో, అసలు లేరనో అనుకోవద్దు. ఏమీ లేకపోవడం కూడా ఇక్కడ ఒక సమాచారమే, ఏ తరహా హత్యో చెప్తుంది.

ఇలాంటి చోట ఒక కాగితం ఎంత చెప్తుందో చూడటానికి హోఫ్లె టెలిగ్రామ్ తీసుకోండి. 1943 జనవరి 11న నాజీల ఎస్ఎస్ దళం అధికారి హోఫ్లె పంపిన రేడియో సందేశాన్ని బ్రిటిష్‌వాళ్లు పట్టుకున్నారు. దాని అర్థం అప్పుడు తెలియలేదు, 2000 ప్రాంతంలో బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్‌లో బయటపడ్డాక తెలిసింది. 1942 ఆఖరుకి నాలుగు క్యాంపులకి చేరినవాళ్ల లెక్క, క్యాంపుల పేర్లకి బదులు ఒక్కో అక్షరం. బి అంటే బెల్జెత్స్ 4,34,508. ఎస్, సోబిబోర్ 1,01,370. ఎల్, లుబ్లిన్ అంటే మైదానెక్ 24,733. టి, ట్రెబ్లింకా దగ్గర 71,355 అని ఉంది. మొత్తం 12,74,166 అని ఉంది. మీరే కూడి చూడండి, కుదరదు. ట్రెబ్లింకా దగ్గర ఒక 5 పడిపోయింది, 7,13,555 వేస్తే మొత్తం సరిగ్గా సరిపోతుంది. ఇన్ని లక్షల మంది ప్రాణాలు ఒక చిన్న సందేశంలో ఇమిడిపోయాయి, అందులో ఒక్క పేరూ లేదు. క్లాసులో దీన్ని పిల్లల చేత కూడించండి.

పేర్లు కావాలంటే యాద్ వాషెం. జెరూసలేంలో ఉన్న ఈ సంస్థ 1953లో మొదలైంది, పేర్ల డేటాబేస్ 2004 నుంచి అందరికీ తెరిచారు, ఇప్పుడు దాదాపు 50 లక్షల పేర్లు. అందులో సాక్ష్యపత్రాలు ప్రధానం. చనిపోయినవాళ్ల బంధువో పొరుగువాడో నింపి సంతకం పెట్టిన ఒక్క పేజీ: పేరు, తల్లిదండ్రులు, వృత్తి, యుద్ధానికి ముందు ఎక్కడుండేవాళ్లు, ఎలా చనిపోయారు, నింపినవాళ్లకి ఏమవుతారు. ఒక మనిషికి ఇద్దరు ముగ్గురు బంధువులు వేర్వేరుగా నింపి ఉండొచ్చు కాబట్టి పేజీలు లెక్కపెట్టి ఇంతమంది అని రాయకండి. నింపినవాళ్ల చిరునామాలు కనపడితే వాటిని మీ ప్రాజెక్టులో దించొద్దు, వాళ్లకి మెసేజీలు పెట్టొద్దు.

సోవియట్ ప్రభుత్వం 1942 నవంబరులో వేసిన ప్రత్యేక కమిషన్ నివేదికల్లో కాల్చిచంపిన చోట్లు, కొన్ని ఊళ్లకి చనిపోయినవాళ్ల జాబితాలు ఉన్నాయి. సోవియట్ ప్రచార ధోరణి వాటిలో ఉంది, చాలాసార్లు యూదులు అనకుండా "శాంతియుత సోవియట్ పౌరులు" అని రాస్తారు. వాడుకోవచ్చు, కానీ ఇంకో ఆధారంతో సరిచూసుకున్నాకే.

మిగిలినవాళ్లు

ఎర్ర సైన్యం 1944 మార్చిలో బుచాచ్‌కి వచ్చినప్పుడు దాక్కున్నచోట్ల నుంచి కొన్ని వందల మంది బయటికొచ్చారు. కొద్ది రోజుల్లో జర్మన్లు మళ్లీ ఊరిని పట్టుకున్నారు, వాళ్లలోనూ ఎక్కువమంది పోయారు. జులైలో సోవియట్లు తిరిగొచ్చేసరికి మిగిలినవాళ్లు చాలా కొద్దిమంది. వాళ్లు కూడా ఆ ఊళ్లో ఉండలేదు.

వీళ్ల కాగితాలు మూడు రకాలు. ఒకటి జాబితాలు. అమెరికా సైన్యంలో రబ్బీగా, అంటే యూదు మతగురువుగా, పనిచేసిన ఆబ్రహం క్లాస్నర్ 1945లో బవేరియా క్యాంపులన్నీ తిరిగి బతికున్నవాళ్ల పేర్లు అచ్చువేయించాడు. పోలండ్ యూదుల కేంద్ర కమిటీ రిజిస్ట్రేషను కార్డులు రాసింది. నిర్వాసితుల క్యాంపుల నుంచి సాయానికి, వలసకి పెట్టుకున్న అర్జీలు ఆరోల్‌జెన్‌లో సీఎం/1 ఫైళ్లుగా ఉన్నాయి. వీటిని వెతికి చూడమని గట్టిగా చెప్తా, ఎందుకంటే గత పదేళ్లలో ఎక్కడెక్కడ ఉన్నారో ఆ మనిషే వరసగా చెప్పుకున్నాడు. అయితే వీసా కోసం వయసో, పుట్టిన ఊరో మార్చి చెప్పినవాళ్లు కూడా ఉన్నారు, దాన్ని తప్పుపట్టే హక్కు మనకి లేదు, తేడా ఉందని రాసుకుంటే చాలు.

రెండోది సాక్ష్యాలు. పోలండ్‌లో 1944 నుంచే యూదు చరిత్ర కమిషన్లు వాంగ్మూలాలు తీసుకున్నాయి, 7,000 పైగా వార్సాలో ఉన్నాయి, 301 నంబరు సంగ్రహం. జ్ఞాపకం పచ్చిగా ఉన్నప్పుడు చెప్పినవి, పిల్లలు చెప్పినవి కూడా. 1994 తర్వాత షోవా ఫౌండేషన్ తీసిన వీడియోలు 50,000 పైనే. రెండింటికీ మధ్య 50 ఏళ్లు. ఒకే ఘటన మీద రెండూ దొరికితే పక్కపక్కన పెట్టి చూడండి.

మూడోది స్మారక గ్రంథాలు, యిజ్కోర్ పుస్తకాలంటారు. ఊరివాళ్లలో మిగిలినవాళ్లు ఇజ్రాయెల్‌లో, అమెరికాలో, అర్జెంటీనాలో డబ్బులు పోగేసి తమ ఊరి గురించి వేసుకున్నవి. బుచాచ్‌ది 1956లో టెల్ అవీవ్‌లో వచ్చింది. ఇలాంటివి చాలా న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ స్కాన్ చేసి పెట్టింది, జ్యూయిష్‌జెన్ వాలంటీర్లు ఇంగ్లీషులోకి అనువదిస్తున్నారు. తేదీల్లో పొరపాట్లుంటాయి. కానీ ఏ వీధిలో ఏ కొట్టుండేది, ఎవరి గొంతు బాగుండేది లాంటివి ఇంకెక్కడా దొరకవు. మీరు 1929 డైరెక్టరీలో దించుకున్న పేర్లలో కొన్ని ఇక్కడ మనుషులుగా కనపడతాయి.

మన దేశంలో, మన పక్కన

నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల అభిలేఖ్ పటల్ అనే సైట్‌లో "జ్యూయిష్ రెఫ్యూజీస్" అని కొట్టి చూడండి. యూరప్ నుంచి పారిపోయి ఇక్కడికి రావాలనుకున్నవాళ్ల వీసా అర్జీల మీద బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం నడిపిన ఫైళ్లున్నాయి. బొంబాయిలో 1934లో యూదు సహాయ సంఘం పెట్టారు. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలవగానే జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన యూదుల్ని కూడా "శత్రుదేశస్థులు" అని నిర్బంధించారు, తర్వాత విచారించి చాలామందిని వదిలారు.

ఇంకోటి వేటపాలెం సారస్వత నికేతనం. ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయింది గానీ 2022 దాకా ప్రకాశం వాళ్లదే. పాత పత్రికల ఫైళ్లకి పేరున్న గ్రంథాలయం. 1938 నవంబరు 9, 10 తేదీల్లో జర్మనీ అంతటా యూదుల ప్రార్థనాలయాలు తగలబెట్టారు, నవంబరు 26న గాంధీ హరిజన్‌లో యూదుల గురించి వ్యాసం రాశాడు. ఆ నవంబరు, డిసెంబరు నెలల తెలుగు పత్రికలు తిప్పి, మన వాళ్లకి ఆ వార్త ఏ పేజీలో, ఎంత సైజులో చేరిందో చూడండి. ఎంఏ డిసర్టేషన్‌కి ఇంతకన్నా మంచి అంశం నాకైతే తోచదు, అదీ చీరాల బస్సెక్కితే అయ్యే పని.

పని పద్ధతి గురించి కాస్త. ఏ బొమ్మ దించుకున్నా వెంటనే సంస్థ పేరు, సంగ్రహం నంబరు, లింకు, చూసిన తేదీ, ఎవరు రాసింది అనేవి పక్కన రాసేయండి. టైపు కార్డుల్ని గూగుల్ లెన్స్ బాగానే చదువుతుంది, పాత జర్మన్ చేతిరాతకి ట్రాన్స్‌క్రిబస్ వాడండి, యిద్దిష్, హీబ్రూ చేతిరాతైతే జ్యూయిష్‌జెన్‌లో వ్యూమేట్ అని ఉంది, బొమ్మ పెడితే వాలంటీర్లు చదివిపెడతారు. రాత్రి పడుకునే ముందు ఇవి చదవకండి, నిద్ర పట్టదు, నిజంగానే చెప్తున్నా. ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు, వాటిలో చాలావరకు చంపినవాళ్లు తీసినవే. కాస్త గట్టిగా మాట్లాడే హెడ్‌మాస్టర్‌ని హిట్లర్ అని పిలవడం మనకి అలవాటైపోయింది. ఒక్క ఆస్తి ఫారం చదివినవాళ్ల నోటికి ఆ మాట రాదు.

చివరిగా, చదవడమే కాదు, సాయం కూడా చేయొచ్చు. ఆరోల్‌జెన్ వాళ్లు 2020లో "ప్రతి పేరూ లెక్కే" అనే అర్థం వచ్చే పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. స్క్రీన్ మీద ఒక కార్డు వస్తుంది, పేరు, పుట్టిన తేదీ, ఖైదీ నంబరు చూసి గడుల్లో టైపు చేయాలి. జర్మన్ రాకపోయినా పర్వాలేదు, ఏ గడిలో ఏముంటుందో చూపిస్తారు. ఒకే కార్డుని ఒకరికి తెలియకుండా ఒకరు టైపు చేస్తారు, తేడా వస్తే మళ్లీ పరిశీలిస్తారు, కాబట్టి తప్పు పోతుందేమోనని టెన్షన్ పడొద్దు. కంప్యూటర్ ల్యాబ్ ఉన్న ఏ హైస్కూల్లోనైనా తొమ్మిదో తరగతి పిల్లలు ఒక పీరియడ్‌లో కొన్ని కార్డులు పూర్తి చేయగలరు.